ఇంటికొచ్చిన కుక్కపిల్ల: పెంపకం, శిక్షణల చరిత్ర



మీలో చాలామంది చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి వీధిలోని కుక్కపిల్లను చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చే ఉంటారు. గుమ్మంలోనే అమ్మ ఆపి, "అది ఇల్లంతా పాడుచేస్తే ఎవరు కడుగుతారు?" అని అడిగే ఉంటుంది. చాలా కుక్కపిల్లల కథ ఆ ప్రశ్న దగ్గరే ముగిసిపోతుంది. నిజానికి అది చాలా పాత ప్రశ్న. మనిషి కుక్కను తన నివాసంలోకి రానిచ్చిన నాటి నుంచి దానికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి, కొట్టి నేర్పాలా, పెట్టి నేర్పాలా అనే తగవు నడుస్తూనే ఉంది. ఆ తగవు చరిత్రనే ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. పుస్తకాల్లో చదివినదాన్ని మా ఇంటి వరండాలో పరీక్షకు పెట్టవలసి వచ్చింది కాబట్టి, మా ఇంటి సంగతులు కూడా మధ్యమధ్యలో వస్తాయి. ఓపికగా వినండి.

మేం ఉండేది పుదుచ్చేరి పట్టణంలోని మేట్టుపాళయంలో. నీలగిరి కొండల కింద, ఊటీ రైలు బయలుదేరే మేట్టుపాళయం వేరు, ఇది వేరు. ఇక్కడ పారిశ్రామికవాడ ఉంది, లారీల టెర్మినల్ ఉంది, పగలూ రాత్రీ హారన్ల మోత ఉంది. తమిళంలో 'మేడు' అంటే మిట్ట. 'పాళయం' అంటే మన పాళెమే. అంటే అచ్చతెలుగులో చెప్పాలంటే మాది మిట్టపాళెం. ఈ పాళెం అనే మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

2018లో మా అబ్బాయి ప్లస్ టూ, అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇద్దరూ కలిసి కుక్కపిల్ల కావాలని పట్టుబట్టారు. నేను జంతుశాస్త్రం చదువుకున్నదాన్ని. ఒక షరతు మాత్రం పెట్టాను. పుదుచ్చేరి ఎండకు నాలుక బయటపెట్టి రొప్పే విదేశీ బొచ్చుకుక్క వద్దు, ఈ నేల ఎండకు అలవాటుపడిన జాతి కావాలి అన్నాను. మన కొల్లేటి చుట్టుపక్కల బాతుల్ని తోలే జొనంగి కుక్కలు నాకు తెలుసు. కానీ అవి ఇక్కడికి దూరం. దగ్గరలో దొరికేవి తమిళనాడు జాతులు: చిప్పిపారై, కన్ని, కోంబై, రాజపాళయం. పిల్లలు బొమ్మలు చూసి రాజపాళయం కావాలన్నారు. కారణం మీరూ ఊహించగలరు. అది పాలలా తెల్లగా ఉంటుంది.

చూశారా, మళ్లీ పాళెం వచ్చింది. రాజపాళయం విరుదునగర్ జిల్లాలోని ఊరు. దాని పేరులోని రాజులు మన తెలుగు రాజులే. విజయనగర కాలంలోనూ ఆ తరవాతా దక్షిణానికి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు. ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. ఆ ఊరి పేరు పెట్టుకున్న కుక్క తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కు, పొడుగాటి కాళ్లతో ఉంటుంది. వేటకూ, పొలం కాపలాకూ పెంచారు. పాలెగాళ్లు ఇంగ్లీషు గుర్రపు దళాల మీదికి ఈ కుక్కల్నే ఉసిగొలిపారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అది జనం నోట నిలిచిన మాట. 2005 జనవరి 9న తపాలాశాఖ భారతీయ కుక్కజాతుల మీద నాలుగు బిళ్లలు విడుదల చేస్తే వాటిలో ఒకటి రాజపాళయానిదే. మిగిలిన మూడు హిమాలయ గొర్రెకుక్క, రాంపూర్, ముధోల్.

ఇలాంటి జాతుల్ని ఇన్నాళ్లూ నిలబెట్టినవి పెద్ద సంస్థలు కావు. పెరట్లో రెండు ఆడకుక్కల్ని పెంచుకుని, ఏడాదికో ఈత పిల్లల్ని తెలిసినవాళ్లకు ఇచ్చే మామూలు ఇళ్లు. మేం వెళ్లింది అలాంటి ఇంటికే. ఒక పెద్దావిడ, ఆమె కొడుకు. పెరట్లో వేపచెట్టు కింద ఏడు తెల్లపిల్లలు. ఆమె తెలుగు నాకు అర్థమైంది గానీ, రాగం మాత్రం మనది కాదు. పిల్లలకు అప్పటికి ముప్పై అయిదు రోజులు. "ఏమమ్మా, ఇప్పుడే తీసుకుపో, పాలు మరిచిపోయినాయి" అంది. నేను ఇంకో మూడు వారాలు తల్లి దగ్గరే ఉంచమన్నాను. ఆమెకు అది చాదస్తంగా తోచింది. మేత ఖర్చు ఇస్తానంటే ఒప్పుకుంది.

ఇక్కడ ఆగి, నేను ఎందుకు అలా అన్నానో చెప్పాలి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాల ఉంది. అక్కడ జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కల్ని పెంచి, వాటి పిల్లలు పెరిగే తీరును ఏళ్ల తరబడి గమనించారు. 1965లో పుస్తకం వేశారు. వారు తేల్చిన ముఖ్య విషయం ఇది: కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఆ వ్యవధిలో అది ఎవరిని చూస్తుందో, ఏ శబ్దాలు వింటుందో, ఏ స్పర్శలు ఎరుగుతుందో అవే దానికి జీవితాంతం 'మనవాళ్లు', 'మన లోకం'. అదే ప్రయోగశాలలో 1961లో జరిగిన మరో ప్రయోగంలో కొన్ని పిల్లల్ని పెద్ద ఆవరణలో మనిషి అలికిడి లేకుండా పెంచారు. పద్నాలుగు వారాలు వచ్చేదాకా మనిషిని ఎరగని పిల్లలు ఆ తరవాత ఎంత ప్రయత్నించినా దగ్గరికి రాలేదు. అడవి జంతువుల్లా బెదిరిపోయాయి.

అయితే ఆ వ్యవధిలో తొలి భాగం తల్లికీ తోబుట్టువులకీ చెందినది. కరిస్తే ఎంత నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది అక్కడే. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. అదే పాఠం. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 1960 చట్టం వెనక ఒక నృత్యకారిణి ఉన్నారని మీలో ఎందరికి తెలుసు? కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో పెట్టిన బిల్లే దానికి దారితీసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలూ ఆమే.

డిసెంబరు నడుమ పిల్ల ఇంటికొచ్చింది. ఆడపిల్ల. మా అమ్మాయి వెన్నెల అని పేరు పెట్టింది. ఆ రాత్రి అది ఏడ్చిన ఏడుపు మేం ఎవరం మరిచిపోలేం. చివరికి మావారు చాప తెచ్చి దాని పక్కనే పడుకున్నారు. అప్పుడు ఊరుకుంది.

ఈ దృశ్యం ఎంత పాతదో చూడండి. 1914లో జర్మనీలోని బాన్ దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట రాళ్లు కొట్టే కూలీలకు ఒక సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఒక కుక్క. వయసు సుమారు 14 వేల ఏళ్లు. 2018లో ఆ కుక్క పళ్లను మళ్లీ పరీక్షించారు. చనిపోయేనాటికి దానికి ఏడు నెలలు కూడా నిండలేదు. పళ్ల మీది గుర్తుల్ని బట్టి అయిదో నెల నుంచే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధితో పలుమార్లు మంచానపడిందని తేల్చారు. ఆ స్థితిలో ఉన్న పిల్ల వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా ఎవరో దాన్ని వెచ్చగా ఉంచి, నీళ్లు పట్టి, కడిగి, వారాల తరబడి బతికించారు. ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహాలో సుమారు 12 వేల ఏళ్ల నాటి సమాధిలో ఒక మనిషి చెయ్యి చిన్న కుక్కపిల్ల మీద ఆని ఉంది. మన కాశ్మీరులోని బుర్జహోంలో నవీన శిలాయుగపు మనుషులతో పాటు కుక్కల్ని పాతిపెట్టారు. మనిషికి వ్యవసాయం రాకముందే కుక్క వచ్చింది. ఆవు కంటే ముందు, గొర్రె కంటే ముందు. చాప మీద పడుకున్న మావారు చేసింది ఏమీ కొత్త పని కాదన్నమాట.

తోడేలు కుక్క ఎలా అయింది? 1959లో సోవియట్ జన్యుశాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. బొచ్చు కోసం పెంచే వెండినక్కల్లోంచి, మనిషిని చూసి తక్కువగా బెదిరేవాటిని మాత్రమే ఎంచి, వాటితోనే సంతానం పెంచాడు. ఆయన తరవాత ల్యుద్మిలా ట్రూట్ దశాబ్దాల పాటు కొనసాగించారు. ఎంచుకున్నది ఒకే ఒక్క గుణం: సాధుత్వం. కొన్ని తరాలకే నక్కపిల్లలు మనిషిని చూసి తోక ఊపాయి, చేతులు నాకాయి. చిత్రమేమిటంటే ఎవరూ కోరని మార్పులు కూడా వెంట వచ్చాయి. ఒంటిమీద తెల్లమచ్చలు, వాలిన చెవులు, చుట్టుకున్న తోకలు. 'కుక్క తోక వంకర' అని మనం ఎగతాళిగా అంటాం గదా! మారని మొండితనానికి ఆ తోకను గుర్తుగా వాడతాం. శాస్త్రం చెప్పేది సరిగ్గా తిరగేసి ఉంది. ఆ వంకర, జంతువు మారిందని చెప్పే గుర్తుల్లో ఒకటి. ఒకదాన్ని ఎంచుకుంటే ఎంచుకోనివి కూడా వెంట వస్తాయి అన్న ఈ మాటను కాస్త పక్కన పెట్టుకోండి. మా ఇంట్లో దాని అవసరం పడింది.

మేముండే ప్రాంతంలో రాతి మీద రాసిన కుక్క చరిత్ర కూడా ఉంది. తిరువణ్ణామలై జిల్లా చెంగం ప్రాంతంలోని ఎడత్తనూర్‌లో ఒక వీరగల్లు ఉంది. పల్లవ మహేంద్రవర్మ 34వ రాజ్యసంవత్సరం నాటిది, అంటే ఏడో శతాబ్దపు తొలిభాగం. గేదెల్ని కాపాడుతూ చనిపోయిన కరుందేవకత్తి అనే వీరుడి రాయి అది. పక్కనే అతని కుక్క బొమ్మ. దాని పేరు కోవివన్ అనీ, ఇద్దరు దొంగల్ని కరిచి యజమానిని కాచి నిలిచిందనీ చెక్కించారు. కర్ణాటకలోని ఆతకూరు శాసనం క్రీ.శ. 949–950 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు, గంగ బూతుగుడు చోళులతో పోరాడిన తక్కోలం యుద్ధం ముగిసిన రోజులవి. మణలేరుడు అనే వీరుడు బహుమానంగా కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. అది ఒక పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చనిపోయింది. దానికి రాయి నిలిపి, పూజకు భూమి ఇచ్చారు. ఎందరో మంత్రుల పేర్లు మనకు దక్కలేదు. ఈ రెండు కుక్కల పేర్లు మాత్రం దక్కాయి.

ఇక పాఠాల సంగతి. మొదటి పాఠం ఎప్పుడూ మలమూత్రాలదే. కుక్కపిల్ల నిద్ర లేవగానే, తినగానే, ఆడి అలసిపోగానే బయటికి తీసుకెళ్లాలి. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని ఏదైనా పెట్టాలి. లోపల పొరపాటు జరిగితే మాట్లాడకుండా తుడిచేయాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా చేసింది వేరు. మూడో వారంలో అది మా అబ్బాయి రికార్డు పుస్తకాన్ని చింపి, దాని మీదే మూత్రం పోసింది. నేను వెనకనుంచి "వెన్నెలా!" అని అరిచాను. అది తల కూడా తిప్పలేదు. నా తాతగారి రోజుల నుంచీ చూస్తున్న పద్ధతి చేతిలోకి వచ్చేసింది. పేపరు చుట్టి కొట్టాను. చెవి పట్టుకుని లాగాను. అది అరుస్తూ మంచం కిందికి దూరింది. "మొండిఘటం. పిలిచినా పలకదు" అన్నాను. ఆ మాటకి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు, నిజంగానే అది పిలిస్తే పలికేది కాదు. పైగా ఆటలో మిగతా పిల్లలకంటే గట్టిగా కొరికేది. మా అమ్మాయి మోచేతుల నిండా గీతలే.

కొట్టడం అనే ఈ పద్ధతికి కూడా శాస్త్రం వేషం వేసినవాళ్లున్నారు. 1899లో బెల్జియంలోని గెంట్ నగరంలో పోలీసులు కుక్కల్ని గస్తీకి పెట్టుకున్నారు. జర్మనీ అనుసరించింది. అక్కడి పోలీసు అధికారి కాన్‌రాడ్ మోస్ట్ 1910లో కుక్కల శిక్షణ మీద పుస్తకం రాశాడు. నేర్చుకునే క్రమాన్ని చాలా తెలివిగా విడదీసి చూపిన పుస్తకమే గానీ, దాని వెన్నెముక మాత్రం బలవంతం: ముళ్ల పట్టీ, బెత్తం, యజమాని ఆధిపత్యం. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైన్యాలు ఆ దారినే నడిచాయి. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన శిక్షకులు అదే పద్ధతిని ఇంటి కుక్కలకూ తెచ్చారు. 1947లో స్విస్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి, గుంపులో పెత్తనం కోసం నిరంతరం పోరు ఉంటుందని రాశాడు. దాంతో 'కుక్కకు మనమే నాయకుడని చూపించాలి' అన్న వాదానికి బలం వచ్చింది. ఆ మాటను బాగా ప్రచారం చేసిన వారిలో ఒకరైన డేవిడ్ మెక్ అడవిలో తోడేళ్లను ఏళ్లపాటు చూశాక, 1999లో తన అభిప్రాయాన్ని తానే సవరించుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల పిల్లలు. అక్కడ పెత్తనమంటే తల్లిదండ్రుల పెత్తనమే. తాను రాసింది తప్పని రాసుకోగలిగిన శాస్త్రజ్ఞుడంటే నాకు గౌరవం.

మన భారతకథ మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఉంది, గమనించారా? జనమేజయుడి యాగశాలకు వచ్చిన సారమేయుడిని అతని తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏ తప్పూ చేయలేదు, ఎందుకు కొట్టారు అని నిలదీస్తుంది. వాళ్ల దగ్గర జవాబు ఉండదు. నన్నయగారు దాన్ని తెలుగులో చెప్పిన తీరు కాలేజీలో చదువుకున్నాను. ఆ కథ నాకు నిజంగా అర్థమైంది మాత్రం 2019 భోగినాడే.

ఇక్కడ భోగికి తెల్లవారుజామునే పిల్లలు చిన్న డప్పులు కొడుతూ వీధిలో మంట చుట్టూ తిరుగుతారు. జనవరి 14 తెల్లవారుజామున మా గుమ్మం ముందు పదిమంది పిల్లలు డప్పులు వాయిస్తున్నారు. వీధికుక్కలు ఎక్కడివక్కడ పారిపోయాయి. వెన్నెల మాత్రం డప్పులకు పది అడుగుల దూరంలో, వరండాలో గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. మా అబ్బాయి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, దీనికి వినపడదు" అన్నాడు.

పొంగల్ సెలవులయ్యాక పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దాని వెనక నిలబడి, గాలి తగలకుండా చప్పట్లు కొట్టి, తాళాలగుత్తి ఆడించి చూశారు. రెండు చెవులూ పనిచేయడం లేదు. దాని పేరు దానికి తప్ప మా అందరికీ తెలుసన్నమాట.

ఎందుకిలా? చార్లెస్ డార్విన్ 1859లో వేసిన 'జాతుల పుట్టుక' మొదటి అధ్యాయంలోనే నీలికళ్ల పిల్లులు చెవిటివై ఉంటాయని రాశాడు. తరవాత ఆ మాటను పూర్తిగా తెల్లగా ఉన్న నీలికళ్ల పిల్లులకు పరిమితం చేశాడు. రంగుకీ చెవికీ ఏమిటి సంబంధం? చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు గర్భంలోని పిండంలో వెన్ను పక్కనుంచి బయలుదేరి ఒళ్లంతా వ్యాపిస్తాయి. కొన్ని లోపలి చెవికి కూడా చేరతాయి. అక్కడ నత్తగుల్లలా ఉండే కర్ణావర్తంలో ఒక పొరకు ఈ కణాలు అవసరం. అవి చేరకపోతే ఆ పొర క్షీణిస్తుంది, దానితో పాటు శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతాయి. పిల్ల పుట్టిన మూడు నాలుగు వారాలకే ఇదంతా జరిగిపోతుంది. డాల్మేషియన్ జాతిలో ఇది బాగా ఎక్కువ. అమెరికాలో పరీక్షించిన వాటిలో దాదాపు ముప్పై శాతానికి ఒక చెవో, రెండు చెవులో వినపడవు. రాజపాళయం జాతిలోనూ ఈ లోపం ఉందని పెంచేవాళ్లకు తెలుసు.

డార్విన్ పుస్తకం వెలువడిన 1859లోనే, జూన్‌లో, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పాయింటర్, సెట్టర్ కుక్కల ప్రదర్శన జరిగింది. నేటి కుక్కల పోటీలకు దాన్నే మొదటిదిగా చెబుతారు. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది. అంతకు ముందు కుక్కను పనిని బట్టి ఎంచేవారు: పరుగెత్తేది, వాసన పట్టేది, మంద కాసేది. ప్రదర్శనలు వచ్చాక చూపును బట్టి ఎంచడం పెరిగింది. రాజపాళయానికి పచ్చి తెలుపే అందమని కొనేవాళ్లు అడుగుతున్నకొద్దీ, రంగుకణాలు తక్కువైన వాటినే జతకట్టిస్తూ పోతారు. బెల్యాయెవ్ సాధుత్వాన్ని ఎంచితే తోక వంకర వెంట వచ్చింది. మనం తెలుపును ఎంచితే చెవుడు వెంట వచ్చింది. పాలలా తెల్లగా ఉందని మురిసి ఎంచుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

రాజపాళయం పెద్దావిడకు ఫోను చేశాను. కోపంగానే చేశాను. ఆమె కంగారుపడింది. "తెల్లపిల్లల్లో ఒక్కోటి అట్లా వస్తదమ్మా. గుంపులో ఉన్నప్పుడు తెలిసిరాలేదు. తీసుకొచ్చేయి, వేరేది ఇస్తా" అంది. ఆమె మాట అబద్ధం కాదు. తోబుట్టువులు లేస్తే ఇదీ లేస్తుంది, అవి పరుగెడితే ఇదీ పరుగెడుతుంది. చెవిటిదని కనిపెట్టడం కష్టం. గట్టిగా ఎందుకు కొరికేదో కూడా అప్పుడే తెలిసింది. తోబుట్టువు కుయ్యిమన్నది దానికి వినపడితే గదా! "తిరిగిచ్చేస్తే దీన్నేం చేస్తారు?" అని మా అబ్బాయి అడగమన్నాడు. అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం విన్నాక ఇంట్లో ఇంక చర్చ జరగలేదు. నేను మాత్రం ఆమెను ఒకటి కోరాను: మళ్లీ ఆ జంటనే కలపవద్దని. సరేనంది. వెన్నెలకు కూడా వయసొచ్చాక గర్భసంచి తీయించాం.

సరే, వినపడని కుక్కకు పాఠం ఎలా చెప్పాలి? ఇక్కడే పాత పుస్తకాలు పనికొచ్చాయి. ఇవాన్ పావ్‌లోవ్ పేరు మీ పాఠాల్లో ఉంది. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనకే గానీ, అందరూ అనుకునే గంట ప్రయోగానికి కాదు. ఆ పరిశోధనలో ఉండగానే, అన్నం పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్క నోట లాలాజలం ఊరడం ఆయన దృష్టికి వచ్చింది. అలా 'నిబంధిత ప్రతిచర్య' పుట్టింది. గంట అనేది ప్రచారంలో బలపడిన మాట. ఆయన ఎక్కువగా వాడింది మెట్రోనోమ్. దానితో పాటు దీపం వెలుగు, చర్మం మీద స్పర్శ కూడా వాడాడు. అంటే, సంకేతం చెవికే అందనక్కరలేదు. కంటికి అందినా చాలు.

పావ్‌లోవ్ చూపింది సంకేతం. కోరిన పని చేయించడం వేరే సంగతి. దానికి దారి చూపింది ఎడ్వర్డ్ థార్న్‌డైక్. 1898లో ఆయన పిల్లుల్ని చిక్కు పెట్టెల్లో పెట్టి, బయటపడే ఉపాయాన్ని అవి ఎలా నేర్చుకుంటాయో చూశాడు. మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ మళ్లీ జరుగుతుంది, ఇవ్వనిది మరుగునపడుతుంది. బి.ఎఫ్. స్కిన్నర్ దాన్నే ముందుకు తీసుకెళ్లి, 1951లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో మామూలు గృహస్థుల కోసం జంతువులకు నేర్పే పద్ధతి రాశాడు. కుక్క సరైన పని చేసిన ఆ క్షణాన్నే టక్కుమనే చిన్న బొమ్మ మోగించాలి, వెంటనే తిండి పెట్టాలి. శబ్దం ఎందుకు? మనం జేబులోంచి బిస్కట్టు తీసేలోపల కుక్క ఇంకో పది పనులు చేసేస్తుంది. దేనికి బహుమతి వచ్చిందో దానికి తెలియదు. టక్కు శబ్దం ఆ క్షణాన్ని ఫొటో తీసినట్టు పట్టిస్తుంది. స్కిన్నర్ శిష్యులు కెల్లర్ బ్రెలాండ్, మరియన్ బ్రెలాండ్ ఈ పద్ధతితో ఎన్నో జంతువులకు నేర్పారు. 1984లో కారెన్ ప్రయర్ రాసిన పుస్తకం దాన్ని ఇళ్లలోకి తెచ్చింది.

మేం టక్కు శబ్దానికి బదులు చేతి టార్చి వాడాం. మొదటి రెండు రోజులు ఏ పనీ అడగలేదు. నేల మీద ఒక్క మెరుపు, వెంటనే ఒక ఉడికించిన కోడిమాంసం ముక్క. మెరుపు, ముక్క. మూడో రోజుకు మెరుపు కనబడగానే తోక ఊపడం మొదలైంది. కంట్లో వెలుగు పడకుండా జాగ్రత్తపడాలి, అలాగే వెలుగు మచ్చ వెంట పరుగెత్తించే ఆట ఆడకూడదు, అది వ్యసనంలా పట్టుకుంటుంది. తరవాత చేతి సైగలు. అరచెయ్యి పైకి లేపితే కూర్చోవడం. పిడికిలి గుండెకు ఆనిస్తే దగ్గరికి రావడం. బొటనవేలు చూపిస్తే శభాష్. నిద్రలో ఉన్నప్పుడు హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరుస్తుంది. అందుకని ముందు నేల మీద కాలితో మెల్లగా తట్టి, ముక్కు దగ్గర చెయ్యి ఉంచి, ఆ తరవాతే ముట్టుకుని, వెంటనే ఏదైనా పెట్టేవాళ్లం. రోజుకు అయిదారు నిమిషాల పాఠాలు మూడు. అంతకు మించితే దానికీ విసుగు, మాకూ విసుగు. నెల రోజుల్లో వీధిలోని వినపడే కుక్కలకంటే ఇది బాగా మాట వినేది. మాట అనేది ఇక్కడ సరైన మాట కాదనుకోండి.

నామీద మాత్రం నమ్మకం ఆలస్యంగా వచ్చింది. పేపరు చేతిలో ఉంటే ఏడాది పాటు నా దగ్గరికి రాలేదు. పిల్లలకు నెలలో నేర్పగలిగింది, నేను ఒక్క నిమిషంలో నేర్పిన పాఠాన్ని చెరపడానికి ఏడాది పట్టింది.

తిండి విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్లలో మిగిలిన సాంబారన్నం కుక్కకు పెట్టడం అలవాటు. ఈ ఊళ్లో సాంబారంటే చిన్న ఉల్లిపాయలు నిండుగా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా విషమే. పెరుగన్నం, రాగిజావ, గుడ్డు, ఉప్పు మసాలా లేకుండా ఉడికించిన మాంసం ఫరవాలేదు.

టీకాల గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేవరకు డిస్టెంపర్, పార్వో టీకాలు వేయించాలి. ఓబర్‌కాసెల్ పిల్లను పీడించింది ఆ డిస్టెంపరే. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తన టీకా వేయించాడు. పిల్లవాడు బతికాడు. దక్షిణ భారతానికి ఆ టీకా దగ్గరైంది 1907లో, కూనూరులో పాశ్చర్ సంస్థ తెరిచాక. అంటే ఆ రెండో మేట్టుపాళయం మీదుగా కొండెక్కితే వచ్చే ఊరు. కుక్క కరిస్తే, గీరినా సరే, ఇంటి కుక్కయినా సరే, సబ్బుతో ధార కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రోగలక్షణాలు కనబడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. ఇంట్లో తిట్టిపోస్తారని దాచిపెట్టే పిల్లలుంటారు. దాచవద్దు.

వెన్నెలను గొలుసు లేకుండా వీధిలోకి వదలం. మా రోడ్డు మీద లారీలు ఎక్కువ, హారను దానికి వినపడదు. సాయంత్రం మా అబ్బాయి సెలవులకు వస్తే వాడే తిప్పుతాడు. లేకపోతే మావారు. ఒక చిక్కు మాత్రం మిగిలిపోయింది. మా పేటలో కరెంటు పోవడం మామూలే. చీకట్లో ఫ్యూజు చూద్దామని మావారు టార్చి వేస్తారు. ఆ మెరుపు గోడ మీద పడీపడగానే, ఎక్కడ నిద్రపోతున్నా సరే, వెన్నెల పరుగున వచ్చి ఆయన కాళ్ల ముందు బుద్ధిగా కూర్చుంటుంది, పైకి చూస్తూ. ఫ్యూజు సంగతి తరవాత. ముందు వంటింట్లోకి వెళ్లి ఒక ముక్క వెతికి తేవాలి.